కొనని కారుకు కృతజ్ఞతార్పణ

స్లైగో, ఐర్లాండు,
సెప్టెంబరు 14.

ప్రియమైన జోజి అన్నయ్యకు,

ప్రభువు నామంలో నీ చెల్లెలు దేవమణి వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, మీ బావా, ఫెబీ బాగానే ఉన్నాం. నువ్వూ, హెలెన్ వదినా, పిల్లలూ బాగున్నారనీ, బెజవాడలో ఉక్కపోత కాస్త తగ్గిందనీ తలుస్తాను. ఇక్కడ పదకొండు రోజులుగా వాన పడుతోంది. దాన్ని వాన అనడం కూడా మానేశాం.

నీ ఉత్తరం పోయిన బుధవారం అందింది. నాలుగు పేజీల్లో మూడు పేజీలు తిట్లే. మొదటిసారి చదివి నవ్వుకున్నాను. రెండోసారి చదివితే కోపం వచ్చింది. మూడోసారి చదివి పెన్ను తీశాను. ఫోను చేయొచ్చుగా అంటావేమో, ఫోనులో నువ్వు నన్ను ఒక్క మాటా పూర్తిగా చెప్పనివ్వవు. నేను నోరు తెరిచేలోపే "అది కాదు మణీ" అని అందుకుంటావు. కాగితాన్ని అలా ఆపలేవు కాబట్టి కాగితం మీదే చెబుతున్నాను.

అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. మీ బావ మోకాలు నయం. జీపీ దగ్గరికి, అదే మా వీధి డాక్టరు దగ్గరికి, రెండుసార్లు తీసుకెళ్ళాను. ఆయన పనిచేసే నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళను లేపి కూర్చోబెట్టే డ్యూటీ మార్పించుకున్నారు. ఫెబి డబ్లిన్ దగ్గర టాలట్‌లో ఉండి కాలేజీకి వెళ్తోంది. ఆదివారం మానకుండా లూవాస్ ట్రాము ఎక్కి తెలుగు కూటానికి పోతోంది, మావయ్యకు ఆ సంగతి తప్పకుండా రాయమంది. వదిన పంపిన పార్సిలు చేరింది. దారిలో గోంగూర సీసా మూత వదులై, పక్కనున్న నా కొత్త చీర సగం ఎర్రబడింది. పచ్చడి మాత్రం బాగుంది.

ఇక నీ ఉత్తరం చివరి పేజీ. "నాన్న ఇంజన్లు వినే కడ్డీ నా షాపులో గాజు పెట్టెలో ఉంది. అది ఉన్నవాడికే బండి ఎన్నుకునే హక్కు. నువ్వు దేంతో విని ఎన్నుకుంటావు? నా మాట కాదని ఏదో తుప్పు బండి తెచ్చావని ఇక్కడ అంటున్నారు, అదే నిజమైతే ఇక నాన్న పేరు ఎత్తకు" అని రాశావు. చదవగానే నాకు ఎలా ఉందో చెప్పను. దానికి జవాబు ఉంది, కానీ అది ఈ ఉత్తరం చివర్లోనే వస్తుంది. మధ్యలోవి చదవకుండా పేజీలు తిప్పకు.

నీకు వచ్చిన ఉత్తరాలన్నీ వదిన కూడా చదువుతుందని నాకు తెలుసు. ఆవిడ కోసం మొదట్నుంచీ చెబుతాను. ఇంగ్లండులో ఒక కంపెనీవాళ్ళు కారు చట్రం, పైన బిగించే రేకులు, దీపాలు, సీట్లు పెట్టెల్లో పెట్టి పంపిస్తారు. ఇంజనూ గేరుబాక్సూ స్టీరింగూ వెనక ఇరుసూ వాళ్ళివ్వరు. మనమే ఒక పాత కారు కొని, దాన్ని విప్పి, అందులోంచి తీసి ఈ చట్రంలో బిగించుకోవాలి. ఆ పాత కారును ఇక్కడ డోనర్ అంటారు. ఫిబ్రవరిలో నా చట్రం వచ్చింది. గరాజులో నులక లేని మంచంలా పడి ఉంది. పూర్తయితే రెండు సీట్ల కారవుతుంది. ఒక ఇంజనీరు వచ్చి చూసి బాగుందని కాగితం ఇచ్చాకే నంబరూ ఇన్సూరెన్సూ వస్తాయి, కాబట్టి గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, పట్టుకుంటారని నువ్వు బెంగపెట్టుకోవద్దు. పైకప్పు లేని కారేసుకుని ఆ వానల దేశంలో ఏం చేస్తావని అడిగావు. తడుస్తాను. నా దగ్గర మంచి రెయిన్‌కోటు ఉంది.

యాభై మూడేళ్ళ ఆడమనిషికి, అదీ ఒక నర్సుకు ఇదేం పిచ్చి అన్నావు. ఫెబి కూడా అదే అంది. "మామ్, యు ఆర్ ప్యూర్ మ్యాడ్" అని, వెంటనే గరాజు ఫొటో తీసి స్నేహితురాళ్ళందరికీ గర్వంగా పంపుకుంది. నాకిది పిచ్చి కాదన్నయ్యా. పాత బండి ఎన్నుకుని, విప్పి, పనికొచ్చేది తీసుకోవడం ఆటోనగర్‌లో నాన్న నలభై ఏళ్ళు చేసిన పని. స్కూలు వదలగానే నేను ఆ కొట్టుకే వెళ్ళేదాన్ని, నువ్వు క్రికెట్‌కు పోయేవాడివి. నాన్న బండి చూడ్డానికి వెళ్తే పక్కన నేనుండేదాన్ని. చుట్టూ ఉన్న షాపులవాళ్ళు అమ్మాయి చెయ్యి మంచిదని, అందుకే దేవదానం వెంట తిప్పుకుంటున్నాడని అనుకునేవారు. నాన్న ఆ కడ్డీ ఇంజనుకు ఆనించి, పిడి నా చెవికి పెట్టి, "అమ్మాయ్, ఏం వినపడుతోంది?" అనేవాడు. నేను చెప్పింది సరైతే ఆ బండి కొనేవాడు, కాకపోతే తప్పెక్కడో చూపించేవాడు. అయినా బోర్డు మీద దేవదానం అండ్ సన్ అనే రాయించాడు. ఆయన మీద నాకున్న కోపం అదొక్కటే. అది ఇప్పటికీ పోలేదు.

నువ్వు నాకు రాసిన సలహా తక్కువ తిరిగిన బండి చూడమని, రంగు చూడమని, ఒకే చేతి మీద నడిచిన బండి చూడమని. అది కారు కొని నడుపుకునేవాళ్ళకు చెప్పే మాట. నువ్వు పాత సామాను కొట్టును సెకండ్ హ్యాండ్ కార్ల షోరూమ్ చేసి పదేళ్ళయింది. అది తప్పనడం లేదు, కానీ విప్పడానికి బండి ఎలా కొనాలో నువ్వు మర్చిపోయావు. దాని ఒళ్ళు నాకెందుకు? ఒంటిని ఎలాగూ తుక్కులో వేస్తాను. లోపల ఉన్నవి బాగుంటే చాలు.

అయినా నీ మాట తీసిపారెయ్యలేదు. నువ్వు ఇంటర్నెట్‌లో వెతికి పంపిన ఎర్ర కారును జులైలో చూడ్డానికి వెళ్ళాను. షానన్ ఎయిర్‌పోర్టు దగ్గర, మూడు గంటల ప్రయాణం. మీ బావ కూడా వచ్చారు. కారు మాత్రం తళతళలాడుతోంది. ఆ అమ్మేవాడు నా వంక చూడకుండా మీ బావకే అన్నీ చెప్పుకుంటూ పోయాడు. ఇంజను సంగతి, గేర్ల సంగతి, ముందు నడిపిన పెద్దాయన సంగతి. మీ బావ కాసేపు తలూపి, "అయ్యా, నాకు పెట్రోలు ఎటువైపు పోస్తారో కూడా గుర్తుండదు, ఆవిడతో మాట్లాడండి" అని ఇంగ్లీషులో మర్యాదగానే చెప్పారు. అప్పటికి నేను బానెట్ మీద చెయ్యి వేసి ఉన్నాను. వెచ్చగా ఉంది. మేం వచ్చేముందే ఎవరో స్టార్ట్ చేసి కాసేపు ఉంచారు. చల్లగా ఉన్న ఇంజను మొదట ఏం చప్పుడు చేస్తుందో మేం వినకూడదు కదా. తలుపు తీసి కింద చూస్తే, క్లచ్ పెడల్‌కూ బ్రేకు పెడల్‌కూ రబ్బర్లు కొత్తవి. అంత తక్కువ తిరిగిన బండికి పాత రబ్బర్లు ఎందుకు అరిగిపోయాయి? ఆయిల్ మూత విప్పితే లోపల మీగడలాగా తెల్లగా పట్టింది. చలిదేశంలో అది మామూలేనన్నాడు. కొంతవరకు నిజమే, కానీ ఆయిల్ చూసే పుల్ల మీద కూడా పాలు కలిపినట్టుంటే నిజం కాదు. ఇంజనులోకి నీళ్ళు దిగుతున్నాయి. "వద్దులెండి" అన్నాను. "మీవారు ఒకసారి నడిపి చూస్తారా?" అన్నాడు. మా కారెక్కి వచ్చేశాం.

ఆ రోజు ఎండ కాసింది. అదే వింతగా ఉండి, మీ బావ ఆ ఎర్ర కారు పక్కన నన్ను నిలబెట్టి ఒక ఫొటో తీశారు. నువ్వు పంపిన కారే కదా, నీ మాట విని వెళ్ళి చూశానని తెలుస్తుందని, ఒక్క ముక్క కూడా రాయకుండా నీకు పంపాను. నువ్వేం చేశావు? కొన్నావా అని అడగలేదు. ఆ ఆదివారమే పటమట చర్చిలో కృతజ్ఞతార్పణ చెల్లించావు. "ఐర్లాండులో ఉన్న మన సహోదరి దేవమణికి దేవుడు ఎర్రని కారు అనుగ్రహించాడు" అని పాస్టరు గారు చదివారట, సంఘమంతా చప్పట్లు కొట్టారట, వదిన అందరికీ కేకు పంచిందట. ఆ వీడియో ఇక్కడ మా కూటం గ్రూపులోకి రెండు గంటల్లో వచ్చింది. నాకు ఫోను మీద ఫోను. అప్పుడే కొనలేదని చెప్పాల్సింది. నీ పరువు పోతుందని నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, నేనా ఎర్ర కారు కొనలేదు. నేను కొనని కారుకు నువ్వు దేవునికి కృతజ్ఞతలు చెల్లించావు. ఆయన తప్పు పట్టడులే, వేరే లెక్కలో వేసుకుంటాడు.

కొన్నది వేరే కారు. ఇక్కడికి ముప్పావుగంట దూరంలో, సముద్రం ఒడ్డున మాలకీ అనే ఒక రైతు ఉన్నాడు. ఆయన చెల్లెలు ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ కారు వదిలేసింది. ఏటేటా జరిగే కారు పరీక్షలో తప్పింది. ఎందుకు తప్పిందో రాసిన కాగితాన్ని ఆయన దాచలేదు, ముందే నా చేతికి ఇచ్చాడు. ఉప్పుగాలికి తలుపుల కింది రేకు వేలితో నొక్కితే అప్పడంలా విరుగుతోంది. పైన గుడ్డకప్పు చిరిగింది. సీట్లో కోడి గుడ్డు పెట్టింది, అబద్ధం కాదు, మీ బావ ఆ గుడ్డు తీసి మాలకీకి ఇచ్చారు. "ఐ వోంట్ లై టు యూ మిసెస్, ఆమె పని అయిపోయింది" అన్నాడు ఆయన, కారు వంక చూపిస్తూ. "పై పనే కదా అయిపోయింది" అన్నాను.

బానెట్ మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది. పెడల్ రబ్బర్లు పాతవే, మీటరు చెప్పినంతే అరిగాయి. ఒక బిస్కెట్ల డబ్బాలో చెల్లెలు దాచిన కాగితాలన్నీ ఉన్నాయి. ఏడేళ్ళలో ఆయిల్ మార్చని సంవత్సరం ఒక్కటి లేదు. ట్రాక్టరు బ్యాటరీ నుంచి తీగలు వేసి స్టార్ట్ చేశాం. మొదట పైన టకటకమంది. ఆయిల్ ఎక్కగానే ఆగిపోయింది, ఆ రకం ఇంజను ఆరోగ్యంగా ఉంటే చేసే చప్పుడే అది. తర్వాత విన్నాను. ఇంజను విన్నాను, గేరుబాక్సు విన్నాను, వెనక చక్రాలు పైకెత్తించి ఇరుసు విన్నాను. ఎక్కడా గరగర లేదు. ఎలా విన్నానో కాసేపట్లో చెబుతాను. "గ్రాండ్" అన్నాను మాలకీతో. ఆ మాట ఇన్నేళ్ళుగా ఇక్కడ మొహమాటానికే వాడాను. ఆ రోజు మనసారా అన్నాను.

ఆయనే తన ట్రెయిలర్ మీద కారు తెచ్చి మా గరాజులో దింపి వెళ్ళాడు. ఆ శనివారం ప్రార్థన కూటం మా ఇంట్లోనే. నీ వీడియో చూసినవాళ్ళంతా నూనె సీసాతో సహా ఎర్ర కారును ప్రతిష్ఠించడానికి వచ్చారు. గరాజు తలుపు ఎత్తాను. కోడి ఈకలతో, తుప్పుతో ఆ కారు కనపడగానే ముందున్నవాళ్ళు వెనక్కి జరిగారు. రాజ్‌కిరణ్ అని మా పాస్టరు, చిన్నవాడే, నూనె సీసా పట్టుకుని నిలబడిపోయాడు. "సిస్టర్, దీన్ని విప్పేస్తారంటున్నారు కదా, మరి క్షేమంగా ప్రయాణించాలని ప్రార్థించమంటారా, ఏమని ప్రార్థించమంటారు?" అన్నాడు. "కారును వదిలేయండి, నా చేతుల కోసం ప్రార్థించండి" అన్నాను. నా రెండు అరచేతుల్లో నూనె రాసి ప్రార్థన చేశాడు. ఎవరో వెనక నవ్వారు. నవ్వనీ. నాకు మాత్రం ఏడుపొచ్చింది, ఎందుకంటే ఈ చేతుల కోసం ఇంతకుముందు ఎవరూ అలా ప్రార్థించలేదు.

ఇప్పుడు నీ చివరి పేజీకి వస్తున్నాను. కుర్చీలో కూర్చుని చదువు.

నాన్న పోయిన మూడో రోజు కూటం అయ్యాక పెద్దలు సామాను పంచారు. షాపు నీకు, అమ్మ గొలుసు, కుట్టుమిషను నాకు. ఇంకేమైనా కావాలా అని అడిగారు. నాన్న కడ్డీ ఒక్కటి ఇవ్వమన్నాను. పాత లారీ ఇంజనులోంచి తీసిన సన్నటి ఇనుప కడ్డీ, చివర తుమ్మకర్ర పిడి. తూకానికి వేస్తే ఏమీ రాదు. నువ్వు వెంటనే, "ఆడపిల్లకి అదెందుకు మణీ, అది షాపుది" అన్నావు. పెద్దలు తలూపారు. నేనూ తలూపాను.

ఆ సాయంత్రం కడ్డీని కొంగులో చుట్టుకుని లేత్ మిషను నడిపే మల్లేశ్ దగ్గరికి వెళ్ళాను. "రేపు పొద్దుటికి అచ్చం ఇలాంటిదే ఇంకొకటి కావాలి" అన్నాను. మల్లేశ్ నా మొహం చూశాడు, కడ్డీ చూశాడు. "ఎవరితోనూ అనన్లేమ్మా" అన్నాడు. పొద్దుటికి చేసి, ఇసక పెట్టి రుద్ది, కాలిన ఆయిల్లో ముంచి పాతదానిలా చేసి ఇచ్చాడు. దాన్ని షాపులో నాన్న కడ్డీ ఉండే మేకుకు తగిలించి, అసలుది నా పెట్టె అడుగున పెట్టుకున్నాను. మరుసటి ఏడు అది నాతో ఐర్లాండు వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా మా హాట్ ప్రెస్‌లో ఉంది. అంటే బాయిలరు పక్కన తువ్వాళ్ళు ఆరే వెచ్చటి అర. అక్కడ తుప్పు పట్టదు. మాలకీ ఇంటి దగ్గర ఇంజను విన్నది దాంతోనే.

అవును, దొంగిలించాను. తొమ్మిదేళ్ళ కిందట నేనొచ్చినప్పుడు నువ్వు నన్ను ఆ గాజు పెట్టె ముందు నిలబెట్టి, లైటు వేసి, "చూశావా మణీ, నాన్న చెయ్యి పడ్డ కడ్డీ" అన్నావు. నీ కళ్ళల్లో నీళ్ళు. ఆ క్షణం సిగ్గుతో చచ్చిపోయాను. చెబుదామని నోటిదాకా వచ్చింది, నిన్ను చూసి మింగేశాను. నీతో అబద్ధానికి మొక్కించానన్న బాధ ఇన్నేళ్ళూ నాతోనే ఉంది. దానికి మాత్రమే నీకు క్షమాపణ చెబుతున్నాను. తీసుకున్నందుకు చెప్పను. వెనక్కి కూడా ఇవ్వను.

ఇంకొక సంగతి ఉంది. మల్లేశ్ తొందరలో చేశాడు కదా, కడ్డీ పిడిలో వదులుగా కూర్చుంది. సర్దుకోవడానికి లోపల గుడ్డపీలిక కుక్కాడు. "అమ్మా, చూడ్డానికే ఇది, వినడానికి పనికిరాదు, గుడ్డ చప్పుడు తాగేస్తది. మీ అన్న చెవికి పెట్టిన రోజే దొరికిపోతారు" అని నన్ను ముందే హెచ్చరించాడు. మొదటి ఏడాది ప్రతి ఉత్తరమూ భయపడుతూ విప్పేదాన్ని. తర్వాత భయం పోయింది. ఆ తర్వాత కోపం మొదలైంది. మాలకీ ఎవరు? నాన్న పేరు కూడా తెలియని మనిషి. నేను వింటుంటే చూసి, ఆ కడ్డీ అడిగి తీసుకుని, టోపీ తీసి, చెవికి పెట్టుకుని రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని విన్నాడు. నువ్వు ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి వినలేదు.

నాన్న పేరు ఎత్తే హక్కు ఎవరిదో నువ్వే తేల్చుకోవాలని ఇది రాస్తున్నాను. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని షాపుకు వెళ్ళు. పెట్టె తెరువు. ముందు ఏ బండి ఉంటే దాన్ని స్టార్ట్ చేయించి, కడ్డీ ఆనించి, పిడి చెవికి పెట్టుకో. ఏమీ వినపడదు. అప్పుడు నాకు ఫోను చెయ్యి, ఈసారి నన్ను మాట పూర్తి చెయ్యనివ్వు. వచ్చే వేసవికి కారు పూర్తవుతుంది. రెండో సీటు నీ కోసం ఖాళీగా ఉంచుతాను. వస్తే హాట్ ప్రెస్‌లోంచి అసలుది తీసి నీ చెవికి నేనే పెడతాను, ఏం వినపడుతోందో నువ్వు చెబుదువుగాని.

వదినకూ పిల్లలకూ నా ప్రేమ.

ఇట్లు,
దేవదానం గారి కూతురు,
నీ చెల్లెలు
దేవమణి